సీపీడీ అని మూడక్షరాలు రాసి వదిలేయకండి

గోదావరి డెల్టాలో కాన్పులు చేస్తున్న డాక్టరమ్మలకు, డాక్టరు గార్లకు, నమస్కారం.

నా ముందు బల్ల మీద ఒక డిశ్చార్జి కాగితం ఉంది. మా చెల్లెలు దాన్ని లామినేషన్ చేయించి, పొలం దస్తావేజులతో కలిపి బీరువాలో దాచింది. నాలుగేళ్ల కిందట తన కూతురి తొలి కాన్పప్పుడు ఇచ్చిన కాగితం. పేరు, వయసు, రక్తం గ్రూపు, ఆపరేషన్ తేదీ, మగబిడ్డ, బరువు 2.8 కిలోలు, కుట్లు ఎప్పుడు విప్పాలి, ఏ మాత్ర ఎన్నాళ్లు మింగాలి, అన్నీ ఉన్నాయి. ఆపరేషన్ ఎందుకు చేశారు అన్న చోట మాత్రం మూడే అక్షరాలు. సీపీడీ.

అంటే బిడ్డ తలకీ తల్లి కటి ఎముకకీ పొంతన కుదరలేదని. మనవాళ్ల మాటల్లో ‘దారి ఇరుకు’.

ఆ పిల్ల ఇప్పుడు మళ్లీ నీళ్లోసుకుంది. ఎనిమిదో నెల నడుస్తోంది. ఇప్పటికి మూడు ఊళ్లలో ముగ్గురు డాక్టర్లకు చూపించారు. ముగ్గురూ ఆ కాగితం చూశారు. ముగ్గురూ ‘దారి చాలదమ్మా, ఈసారీ ఆపరేషనే’ అన్నారు. ఆ రోజు అసలేం జరిగిందని అడిగినవారు ఒక్కరూ లేరు. పిల్ల నాకు ఫోన్ చేసి, “పెద్దమ్మా, నాది పిల్లల్ని కనే నడుము కాదట” అంది. ఆ మాట విన్నాక నాకు రెండు రోజులు సరిగ్గా నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను 34 ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం లేబర్ రూములోనే గడిచింది. మీరు చదివిన చదువు నేను చదవలేదు. అయితే మీరు వచ్చేదాకానూ, మీరు వెళ్లిపోయాకానూ ఆ మంచం పక్కన నిలబడేది మేమే. ఆ చనువుతోనే ఒక్క సంగతి అడుగుతున్నాను.

ఆ రోజు ఏం జరిగిందో నేనే పిల్లని కూర్చోబెట్టి అడిగాను. నొప్పులు రాలేదు. తేదీ దగ్గర పడిందని పొద్దున్న ఎనిమిదింటికి చేర్చుకుని, నొప్పులకి మందు పెట్టారు. మధ్యాహ్నం చూసి గర్భసంచి ముఖద్వారం రెండు సెంటీమీటర్లు తెరుచుకుందన్నారు. నాలుగింటికి మళ్లీ చూసి, అంతే ఉంది, తల దిగలేదు అన్నారు. ఐదున్నరకల్లా బిడ్డ బయట ఉన్నాడు. ఇందులో మా వాళ్ల పాపం లేదనను. ఆరు దాటితే వర్జ్యం వస్తుందని వియ్యాలవారు గంట గంటకీ గుర్తు చేస్తూనే ఉన్నారట.

రెండు సెంటీమీటర్ల దగ్గర దారి ఇరుకో కాదో ఎవరికి తెలుస్తుంది? మన కాలవల్లో పడవలు తిరిగిన రోజులు నాకు లీలగా గుర్తున్నాయి. లాకు తలుపులు తెరిచి, నీళ్లు సమానం చేశాక కదా పడవ పడుతుందో లేదో తేలేది. ఇక్కడ తలుపులు తెరుచుకోకుండానే పడవ పట్టదని తేల్చేశారు.

మీకు తెలియనిది కాదు గాని, ఈ ఉత్తరం చదివే ఇంటి ఆడవాళ్ల కోసం కాస్త విడమరిచి చెప్పుకుంటాను. బిడ్డ తలకి ఒకే కొలత ఉండదు. గడ్డం గుండెకి ఆనించి ముడుచుకుని వస్తే, దారిలోకి దిగే కొలత సుమారు 9.5 సెంటీమీటర్లు. మెడ కాస్త ఎత్తి నిటారుగా వస్తే అదే తల 11.5 అవుతుంది. నుదురు ముందు పెట్టి వస్తే 13 దాటుతుంది. అదే బిడ్డ, అదే తల. పైగా పుర్రె ఎముకలు ఇంకా అతుక్కుని ఉండవు. నొప్పుల ఒత్తిడికి ఒకదాని అంచు మీదికి ఒకటి జరిగి తల సన్నబడుతుంది. తల్లి కటి ఎముక కూడా పోతపోసిన కడియం కాదు. నెలలు నిండేసరికి కీళ్లని పట్టి ఉంచే కట్లు వదులై, గొంతుక్కూర్చున్నప్పుడు కింది దారి ఇంకొంచెం తెరుచుకుంటుంది. ఆ దారి పైన అడ్డంగా వెడల్పు, కింద నిలువుగా వెడల్పు. అందుకే బిడ్డ పక్కకి చూస్తూ దిగి, మధ్యలో తిరిగి, తల్లి వెన్ను వైపు ముఖం పెట్టి బయటికొస్తుంది. పట్టెమంచాన్ని గుమ్మంలోంచి తీసేటప్పుడు ఒరగదీసి తిప్పుతామే, అలాగ. తిరగడానికి టైము కావాలి, వెనక నుంచి నెట్టే నొప్పులు గట్టిగా ఉండాలి.

కాబట్టి తల పట్టకపోతే ఎముక ఇరుకై ఉండొచ్చు. తల వంకరగానో మెడ ఎత్తో వచ్చి ఉండొచ్చు. నొప్పుల్లో సత్తువ చాలకపోయి ఉండొచ్చు. మొదటిది నిజమైతే రెండో కాన్పులోనూ ఉంటుంది. తక్కిన రెండూ ఆ రోజుతో పోతాయి. మీరు రాసే మూడక్షరాలు ఈ మూడింటినీ ఒకే గంపలో వేసేస్తున్నాయి. నా గొడవంతా ఇదే.

ఎముకని ముందే కొలిచి తేల్చేద్దామన్న ఆశ ఈనాటిది కాదు. 1933లో కాల్డ్‌వెల్, మొలాయ్ అనే అమెరికన్ డాక్టర్లు ఆడవాళ్ల కటిని నాలుగు రకాలుగా విడగొట్టారు. ఆ నోరు తిరగని పేర్లు మేమూ పరీక్షలకి బట్టీ పట్టాం. ఎక్స్‌రేలు తీసి దారి కొలిచారు. కడుపులో ఉండగా ఎక్స్‌రే తగిలిన పిల్లలకి క్యాన్సర్ ఎక్కువగా వస్తోందని ఇంగ్లండులో ఆలిస్ స్టువర్ట్ 1956లో బయటపెట్టారు. ఆ ప్రమాదం పక్కన పెట్టి చూసినా, ఎక్స్‌రే కొలతలు తీసిన చోట సిజేరియన్లు పెరిగాయి తప్ప బిడ్డలకి మేలు జరిగినట్టు తర్వాతి పరిశోధనల్లో తేలలేదు. బ్రిటన్‌లో చెప్పుల సైజు కూడా కొలిచి చూశారండీ, చిన్న పాదాలుంటే చిన్న ఎముక ఉంటుందేమోనని. అదీ నిలవలేదు.

ఇప్పుడు స్కానింగు వచ్చింది. తొమ్మిదో నెల స్కానింగులో మూడున్నర కిలోలని వస్తే ఆ బిడ్డ మూడు ఉండొచ్చు, నాలుగూ ఉండొచ్చు. ‘బిడ్డ పెద్దది’ అన్న మాట స్కానింగు గదిలోంచి ఇంటికి వచ్చేసరికి ‘ఆపరేషన్ తప్పదట’ అయిపోతుంది. 140 సెంటీమీటర్ల కన్నా పొట్టి గర్భిణిని హైరిస్కు కింద రాయాలని మాకు చెప్పారు, రాశాం. రాయడం మంచిదే. ఆమె థియేటరు ఉన్న ఆసుపత్రిలో కనాలని దాని అర్థం. కొయ్యాలని కాదు. ఇక నెలలు నిండినా తల దిగలేదన్న భయం ఒకటి. మన వైపు తొలిచూలు ఆడవాళ్లలో నొప్పులు గట్టిపడ్డాకే తల దిగడం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

ముందే తేల్చాల్సిన వాళ్లు లేకపోలేదు. చిన్నప్పుడు పోలియో వచ్చి నడుము ఒక పక్కకి ఒరిగినవాళ్లు, యాక్సిడెంటులో కటి ఎముక విరిగి వంకరగా అతికినవాళ్లు, ఎముకలు మెత్తబడే జబ్బుతో ఎదిగినవాళ్లు. వాళ్ల సంగతి వేరు, వాళ్లని నొప్పులదాకా ఉంచమని ఎవరూ అనరు. మిగతావాళ్ల విషయంలో ఎముక చాలుతుందో లేదో చెప్పగలిగేది నొప్పులే.

నొప్పులు చెప్పేది రాసుకోవడానికి ఒక కాగితం ఉంది. ఫిల్‌పాట్, కాసిల్ అనే ఇద్దరు 1972లో, అప్పటి రొడీషియాలో (ఇప్పటి జింబాబ్వే), దాన్ని మనలాంటి మారుమూల ఊళ్ల కోసమే తయారుచేశారు. కాన్పు ఎప్పుడు దారి తప్పుతోందో పల్లెలో ఉన్న మంత్రసానమ్మకి గీత చూడగానే తెలియాలని, పెద్దాసుపత్రికి పంపడానికి టైము మిగలాలని. పార్టోగ్రాఫు. సెంటీమీటర్లు, తల ఎంత దిగింది, బిడ్డ గుండె, నొప్పులు, ఉమ్మనీరు రంగు, పుర్రె ఎముకలు ఎక్కిన తీరు, అన్నీ ఒకే పేజీలో.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. చాలా ఏళ్లు ఆ పేజీని కాన్పు అయిపోయాక, టీ తాగుతూ, కూర్చుని నింపాను. ఒక రాత్రికి ఇద్దరం నర్సులం, ఏడుగురు నొప్పులతో. ఎవరికి ఎప్పుడు ఎంత తెరుచుకుందో తలలో ఉంచుకుని, తెల్లవారుజామున అందరివీ ఒకే పెన్నుతో అందమైన గీతలు గీసేవాళ్లం. తనిఖీకి వచ్చినవాళ్లు మెచ్చుకునేవారు. మీరు మూడక్షరాలు రాస్తున్నారని వేలెత్తి చూపే ముందు ఇది చెప్పకపోతే నాకు తప్పు.

గంటకి ఒక సెంటీమీటరు తెరుచుకోవాలని మేము నేర్చుకున్నాం. ఆ లెక్క అందరికీ వర్తించదని, ఆ ఒక్క కారణంతో కత్తి పట్టుకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. కాన్పు జోరందుకునేది 5 సెంటీమీటర్ల నుంచి అంది. 2020లో కొత్త చార్టూ ఇచ్చింది. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘాలు 2014లో 6 అన్నాయి. ఆరు సెంటీమీటర్లు దాటి, ఉమ్మనీరు పోయి, గట్టి నొప్పులుండీ నాలుగు గంటలు కదలకపోతే, లేదా నొప్పుల మందు ఎక్కిస్తూ ఆరు గంటలు చూసినా కదలకపోతే, అప్పుడు కాన్పు ఆగిపోయిందనాలన్నారు. ఇవన్నీ నాకన్నా మీకు బాగా తెలుసు. రెండు సెంటీమీటర్ల దగ్గర ఆగినదానికి వేరే పేరుందని కూడా తెలుసు. నొప్పులు తెప్పించడానికి పెట్టిన మందు పని చెయ్యలేదు. అదే రాయొచ్చు. అందులో ఎవరికీ చిన్నతనం లేదు.

నిజమైన సీపీడీ ఎలా ఉంటుందో నేను చూశాను. ఒక ఆగస్టు, ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రోజు. లంకల్లోంచి ఒక అమ్మాయిని నాటుపడవలో గట్టు దాకా, అక్కడినుంచి ఆటోలో తెచ్చారు. తొలిచూలు. మనిషి నాకన్నా పొడగరే. ముందురోజు రాత్రి నుంచి నొప్పులు. వచ్చేసరికి ఎనిమిది సెంటీమీటర్లు. అవతలి ఊళ్లో ఏఎన్ఎం చీటీ మీద రాసింది కూడా ఎనిమిదే, ఐదు గంటల ముందు. ఆ చీటీ ఆ తల్లిని కాపాడిందని ఇప్పటికీ అనుకుంటాను. పరీక్ష చేస్తే తల దిగినట్టే తగిలింది. అది తల కాదు, తల మీద నీటివాపు. దాని వెనక పుర్రె ఎముకలు ఒకదాని మీదొకటి ఎక్కి, వేలితో విడదీస్తే విడవట్లేదు. గొట్టం వేస్తే మూత్రం ఎర్రగా వచ్చింది. బొడ్డు కింద పొట్ట మీద అడ్డంగా గాడి పడి ఉంది. గర్భసంచి పగలడానికి ముందు కనిపించే గాడి అది.

రాత్రి రెండింటికి డాక్టరమ్మ పొట్ట కోశాక తల పైకి రాలేదు. అంతలా ఇరుక్కుపోయింది. నేను కింది నుంచి చెయ్యి పెట్టి, అరచెయ్యి మొత్తం ఆనించి మెల్లగా పైకి తోశాను. బిడ్డ ఏడవడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆనపకాయలా సాగిన తల. తూకం వేస్తే 2.9 కిలోలు. అంతే. మూత్రసంచికి చిల్లు పడి బతుకంతా కారుతూ ఉండే గతి పట్టకూడదని ఆ తల్లికి పది రోజులు గొట్టం తియ్యలేదు. తరువాతి వారంలోనే నా భుజం దాకా కూడా రాని ఇంకో అమ్మాయి 3.9 కిలోల పిల్లని కని, సాయంత్రానికి లేచి జడ వేసుకుంది.

లంక అమ్మాయి డిశ్చార్జి కాగితం మీద రాసింది సీపీడీ. మా చెల్లెలి కూతురి కాగితం మీదా సీపీడీ. ఇద్దరివీ పక్కపక్కన పెడితే తేడా తెలియదు.

ఈ మూడక్షరాలు ఎందుకంత సులువుగా వచ్చి పడతాయో నాకు తెలియక కాదు. ఎదురు ప్రశ్న రాని కారణం అది. బిడ్డ గుండె తగ్గిందని రాస్తే గ్రాఫు చూపమంటారు. తల్లికి బీపీ అంటే రీడింగులు ఉండాలి. ఎముక ఎవరికి కనిపిస్తుంది? ఒక్క డాక్టరున్న నర్సింగ్ హోములో, పగలంతా ఓపీ చూసి, రాత్రంతా ఒక నొప్పుల మనిషి దగ్గర కూర్చోవడం మనిషి వల్ల అయ్యే పని కాదు. మత్తు డాక్టరు నాలుగు ఊళ్లు తిరుగుతూ ఉంటాడు. ఆయన ఉన్నప్పుడే చేసెయ్యాలి. ఏదైనా తేడా వస్తే బంధువులు అద్దాలు పగలగొడతారు. ఆపరేషన్ చేసి ఏమైనా అయితే ‘అన్నీ చేశారు పాపం’ అంటారు, ఆగి చూసి ఏమైనా అయితే ‘పట్టించుకోలేదు’ అంటారు. పంచాంగం చేత్తో పట్టుకుని వచ్చే వాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద నూటికి 21.5 కాన్పులు సిజేరియన్లయితే మన రాష్ట్రంలో 42.4. మన ఆడవాళ్ల ఎముకలు మిగతా దేశం కన్నా ఇరుకై ఉండవు కదా.

నేను ఆపరేషన్లు తగ్గించమని అడగట్లేదు. అది పెద్ద సంగతి, దానికి నర్సులు కావాలి, గదులు కావాలి, రాత్రి పూట మత్తు డాక్టర్లు కావాలి. నేనడిగేది కాగితం గురించి. నొప్పులు వాటంతటవే వచ్చాయా, తెప్పించారా? ఎన్ని సెంటీమీటర్ల దగ్గర ఆగింది, ఎన్ని గంటలు ఆగింది, అప్పటికి ఉమ్మనీరు పోయిందా? తల ఎంత దిగింది, ఎటు చూస్తూ ఉంది, పుర్రె ఎముకలు ఎక్కాయా? కోసినప్పుడు తల తేలిగ్గా వచ్చిందా, ఇరుక్కుందా, గర్భసంచి కోత పక్కకి చీలిందా? నాలుగు వరుసలు. థియేటరు నోట్సులో మీరు ఎలాగూ రాసుకునేవే, డిశ్చార్జి కాగితం మీదకి ఎక్కించండి.

కేసు షీటు ఉంటుంది కదా అనకండి. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాల ప్రకారం రోగి రికార్డులు మూడేళ్లు ఉంచితే చాలు. ఆ గడువులోపు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మా పిల్ల అడగడానికి వెళ్లేసరికి నాలుగేళ్లయింది. పాత కాగితాలు తీసేశామన్నారు. వాళ్లు నియమం తప్పలేదు. కాన్పుకీ కాన్పుకీ మూడేళ్లు ఎడం ఉండాలని మనమే చెబుతాం. ఆ ఎడం పాటించిన ప్రతి ఆడమనిషికీ రెండో కాన్పు నాటికి మిగిలేది చేతిలోని డిశ్చార్జి కాగితం ఒక్కటే.

దాని మీద రెండో కాన్పు నిలబడి ఉంది. ఒకసారి సిజేరియన్ అయి రెండోసారి మామూలు కాన్పుకి ప్రయత్నించినవాళ్లలో నూటికి 60 నుంచి 80 మందికి అది కుదురుతుంది. మొదటిసారి కాన్పు సాగక ఆపరేషన్ అయినవాళ్లలో ఆ లెక్క తగ్గుతుంది గాని, వాళ్లలోనూ సగానికి పైనే కనగలుగుతారు. పాత కుట్టు విడిపోయే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి ఉంటుంది కాబట్టి థియేటరు, రక్తం, మత్తు డాక్టరు సిద్ధంగా లేనిచోట ఎవరూ ఆ ప్రయత్నం చెయ్యకూడదు. ఆపరేషన్ల మీద ఆపరేషన్లు చేస్తే మాయ పాత కోత మీద పాతుకుపోయి రక్తం ఆగని కేసులూ నేను చూశాను. ఈ రెండింటినీ తూచి చెప్పాల్సింది మీరు. తూచడానికి మీ దగ్గర వివరం ఉండాలి కదా.

‘మా దగ్గర రాత్రి మత్తు డాక్టరు ఉండరమ్మా, పాత కుట్టుతో నొప్పులు చూడలేం’ అని ఆ ముగ్గురిలో ఒక్కరు అన్నా మా పిల్ల అర్థం చేసుకునేది. అది ఆసుపత్రిలో ఉన్న లోటు. ‘నీ ఎముక చాలదు’ అంటే లోటు ఆమె ఒంట్లో ఉన్నట్టు. అత్తగారి ఇంట్లో ఆ రెండు మాటలకీ చాలా తేడా ఉంటుందండీ.

పిల్లకి వచ్చే నెల ఆపరేషన్ తేదీ ఇచ్చారు. బహుశా అదే జరుగుతుంది. రెండో అభిప్రాయం కోసం కాకినాడ తీసుకెళ్దామా అని మేం ఇంకా మాట్లాడుకుంటున్నాం. ఏది జరిగినా, ఈసారి ఇచ్చే కాగితం కూడా లామినేషన్ చేయించాలా అక్కా అని మొన్న మా చెల్లెలు అడిగింది. నేను చదివి చెప్పేదాకా ఆగమన్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
కోనసీమ.